రెండంగుళాల గడ్డ... రెండడుగుల పేగు

కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ల కడుతుంది. పల్లెల్లో ఇది తెలియనివాళ్లుండరు. పుండు మానితే బిళ్లా కరిగిపోతుంది. అలాంటి బిళ్లలే కడుపులోనూ ఉంటాయి. పేగుకు రక్తనాళాలను మోసుకొచ్చే కొవ్వుపొరలో కొన్ని సెనగగింజంత, కొన్ని ఆవగింజంత. డాక్టర్లు వాటినే లింఫ్ గ్రంథులంటారు. పెద్దపేగులో పుట్టిన క్యాన్సర్ గడప దాటితే చాలాసార్లు తొలి మజిలీ అక్కడే.

1985 జులై 12న అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ పేగులోని ఓ చిన్న బుడిపె తీయించుకోవడానికి బెథెస్డా నౌకాదళ ఆసుపత్రికి వెళ్లారు. అప్పటికాయనకు 74 ఏళ్లు. గొట్టం వేసి చూస్తే పెద్దపేగు మొదట్లో అసలుది బయటపడింది. సుమారు రెండంగుళాల గడ్డ! మర్నాడే ఆపరేషన్. మత్తు ఇచ్చేముందు ఉపాధ్యక్షుడు జార్జి బుష్‌కు అధికారం అప్పగిస్తూ సంతకం చేశారు. దాదాపు ఎనిమిది గంటలు దేశం బుష్ చేతిలో ఉంది. ఇక డాక్టర్లు తీసింది రెండడుగుల పేగు.

రెండంగుళాలకు రెండడుగులా? ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ కొడుకులూ కూతుళ్లూ ఎక్కడైనా అడిగేది ఇదే. కోత గడ్డ కోసం మాత్రమే కాదు. గ్రంథులు రక్తనాళం వెంబడి దాని మొదలు దాకా వరసగా ఉంటాయి. అవన్నీ రావాలంటే నాళాన్ని మొదట్లోనే ముడేసి కోయాలి. కాలువ కట్టేశాక మడి ఎండిపోయినట్టు, ఆ నాళం మీద బతికే పేగూ ఇక నిలవదు. అందుకే పేగు, కొవ్వుపొర, గ్రంథులు అన్నీ ఒకే ముక్కగా తీసేస్తారు. వాటిలో క్యాన్సర్ ఉందో లేదో సర్జన్ తడిమి చెప్పలేరు. ఉబ్బిన గ్రంథి ఉత్త వాపు కావచ్చు, బుల్లి గ్రంథిలో శత్రువు నక్కి ఉండొచ్చు.

ఆ ముక్క ల్యాబుకు వెళ్తుంది. ప్యాథాలజిస్టు కొవ్వును వేళ్ల మధ్య నలుపుతూ, బియ్యంలో రాళ్లేరినట్టు గ్రంథుల్ని ఏరతారు. కనీసం 12 చూడాలన్నది లెక్క. నాలుగైదు చూసి ‘ఏమీ లేదు’ అంటే ఆ మాటకు బలం చాలదు. ఒక్కదాంట్లో కనిపించినా మూడో దశ. 1932లో లండన్ సెయింట్ మార్క్స్ ఆసుపత్రికి చెందిన కత్‌బర్ట్ డ్యూక్స్ మలాశయ క్యాన్సర్‌ను ఎ, బి, సి అని విడదీసి, గ్రంథులకు పాకినదాన్ని ‘సి’ అన్నారు. పేర్లు మారాయి గానీ ఆ గీత అక్కడే ఉంది.

ఈ రిపోర్టు కోసం ఎదురుచూసే రోజులున్నాయే... కుట్లు మానుతుంటాయి. మెత్తగా ఇడ్లీ పెట్టమంటారు. చుట్టాలొచ్చి ‘గడ్డంతా తీసేశారటగా, ఇంకేం భయం’ అని వెళ్తుంటారు. మంచమ్మీది మనిషికి మాత్రం తెలిసింది ఇంకా సగమే.

రీగన్‌కు రెండు రోజులు పట్టింది. జులై 15న జాతీయ క్యాన్సర్ సంస్థ సర్జన్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ విలేకరుల ముందు అధ్యక్షుడికి క్యాన్సర్ ఉందని చెప్పేశారు. కానీ గ్రంథులు శుభ్రం! తర్వాత రీగన్, క్యాన్సర్ ఉన్నది తనకు కాదనీ, తనలోంచి తీసేసిన గడ్డకనీ వాదించేవారు. మొండివాదనే, కానీ గ్రంథుల్లో ఏమీ లేని మనిషికి ఆ మాత్రం చెల్లుతుంది. ఆయన మరో 19 ఏళ్లు బతికి 2004లో 93వ ఏట కన్నుమూశారు. అప్పటి జబ్బులు వేరు... అల్జీమర్స్, న్యుమోనియా.

‘బ్లాక్ పాంథర్’ నటుడు చాడ్విక్ బోస్‌మన్‌కు 2016లో తెలిసేసరికే మూడో దశ. నలభై ఏళ్లు కూడా సరిగ్గా నిండలేదు. మూడో దశ అంటే అంతా అయిపోయినట్టు కాదు. ఆపరేషన్ తర్వాత నెలల తరబడి కీమో తీసుకుని కోలుకున్నవాళ్లు ఎందరో. ఆ మందుల్లో ఒకదాని పుణ్యమా అని ఫ్రిజ్‌లోని నీళ్ల సీసా ముట్టుకున్నా వేళ్లు జివ్వుమంటాయి. బోస్‌మన్ జబ్బు మాత్రం ఆగలేదు, నాలుగో దశకు చేరింది. ఆపరేషన్లకూ కీమోకూ మధ్యలోనే షూటింగులు చేశాడు. బయట ఎక్కడా చెప్పుకోలేదు. 2020 ఆగస్టు 28న, 43 ఏళ్లకు చనిపోయాక గానీ అభిమానులకు జబ్బు సంగతి తెలియలేదు.