వాడ ముచ్చట్లు – 23: పంచినం సరే, అందినయా?



2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. తెల్లారి, సముద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న మన వరంగల్ మునిగింది. హంటర్ రోడ్డు వైపు కాలనీల్లో ఇండ్లల్లకు నీళ్లొచ్చాయి.

మా కాలేజీ పిల్లలు ఊరుకోలేదు. చందాలు వేసుకున్నాం. మీలో చాలామంది ఫోన్‌పే చేశారు. బియ్యం, పప్పు, నూనె, దుప్పటి, చాప, బకెట్ కలిపి 150 కిట్లు కట్టాం. ఒక్క పూటలో పంచాం. ఆ రాత్రే నేను ఒక పేజీ రిపోర్టు రాసి, ఫొటోలతో మీ అందరికీ పంపాను. "150 కుటుంబాలకు కిట్లు పంపిణీ చేయబడ్డాయి." మీరు చప్పట్లు కొట్టారు. నాకు కూడా కడుపు నిండినట్టే అనిపించింది.

వారం తర్వాత ఒక పిల్లవాడి సర్టిఫికెట్లు తడిసిపోయాయని అదే కాలనీకి పోయాను. వాళ్లిల్లు కాలనీ వెనక, నాలా ఒడ్డున. అక్కడ ఒక అవ్వ గుమ్మంలో కూర్చుని తడి బట్టలు ఉతుకుతోంది. మాట కలిపాను.

"మీరేనా బిడ్డా, రోడ్డు మీద సామాన్లు పంచింది?"

"అవునవ్వా. నీకు అందలేదా?"

"మాకేడికెల్లి అందుతది? ఆ పొద్దు మేము ముందటి ఇండ్లల్ల బురద ఎత్తవోయినం. మూడు దినాలు అదే పని. మా ఇంట్ల బురద మాత్రం గట్లనే ఉన్నది, సూడు."

చూశాను. గోడకు మోకాలెత్తున గీత, కింద ఎండి పగిలిన ఒండ్రు.

ఇంటికొచ్చి నా రిపోర్టు మళ్లీ చదివాను. తెలుగు పాఠం చెప్పేవాణ్ని, నా వాక్యం నాకే దొరికిపోయింది. "పంపిణీ చేయబడ్డాయి." కర్మణి ప్రయోగం. ఎవరు పంచారు, ఎవరు జాబితా రాశారు, ఎవరు ఆ టైం పెట్టారు, ఏదీ చెప్పక్కర్లేదు. జాబితా మేము కాలనీ సంఘం దగ్గర తీసుకున్నాం. అందులో ఇంటి ఓనర్లున్నారు, వెనక గుడిసెల వాళ్లు లేరు. ట్రాలీ ఆటో సీసీ రోడ్డు అయిపోయిన కాడ ఆగింది. పంచింది పొద్దున పదకొండుకు, కూలి జనం పనిలో ఉన్న టైముకు. మేమెవరం కులం పేరెత్తలేదు. అయినా లైను సరిగ్గా వాడ ముందర ఆగింది. వాడలో పుట్టిన నేనుండి కూడా ఆగింది.

ఇది కొత్త సంగతి కాదు. 2004 సునామీ తర్వాత తమిళనాడు నాగపట్నంలో శవాలెత్తడానికి మున్సిపాలిటీ సఫాయి కార్మికులను తెచ్చారు. సహాయ శిబిరాల్లో దళితులను దూరం పెట్టారని, తాగునీళ్ల ట్యాంకుల దగ్గరకు రానివ్వలేదని అప్పుడే పత్రికలు రాశాయి. సహాయానికి అంతర్జాతీయంగా స్ఫియర్ ప్రమాణాలని ఉన్నాయి. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్లుండాలి. మంచి లెక్కే. కానీ శిబిరం మొత్తానికి సగటు తీస్తే, ట్యాంకు ముట్టనివ్వని మనిషి కూడా ఆ 15 లీటర్లలో కలిసిపోతాడు.

అమెరికాలో 2005 కత్రినా హరికేన్ తర్వాత లూసియానా రాష్ట్రం ఇండ్లు కట్టుకోవడానికి "రోడ్ హోమ్" పథకం పెట్టింది. తుపానుకు ముందు ఇంటి విలువ ఎంత, మరమ్మతుకు ఖర్చెంత, రెండిట్లో ఏది తక్కువైతే దాన్ని పట్టుకుని సాయం లెక్కగట్టారు. నల్లవాళ్ల పేటల్లో ఇండ్ల ధర ముందునుంచే తక్కువ. కూలిన ఇల్లు ఒకటే తీరు, చేతికొచ్చిన పైసలు వేరు. ఆ సూత్రంలో నల్లవాళ్లనే మాటే లేదు. నల్ల కుటుంబాల తరఫున కోర్టుకెక్కాక, 2011లో గాని అది రాజీకి రాలేదు.

మన దగ్గర ఆ పని పట్టా చేస్తుంది. పంట పోతే ఎకరాకు 10 వేలంటారు. ఎకరం ఎవరి పేర ఉందో వాళ్లకు. కౌలుకు తీసుకున్నోడు ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఆ చేన్లో పత్తి ఏరే ఆడకూలీకి పోయిన పనిదినాలు ఏ నష్టం జాబితాలోనూ ఎక్కవు.

చట్టం లేక కాదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్, సహాయం, పరిహారం ఇచ్చేటప్పుడు కులం పేరుతో వివక్ష చూపొద్దని స్పష్టంగా చెబుతోంది. కానీ "మేము ఎవరినీ పొమ్మనలేదు" అంటే ఆ సెక్షన్ పాటించినట్టు కాదు. పొమ్మనకుండానే రాకుండా చేయొచ్చు. మేమే చేశాం.

అందుకే సహాయ రిపోర్టు ఎవరిదైనా, సర్కారుదైనా ఎన్జీవోదైనా మనదైనా, ఎన్ని పంచారని అడగడం ఆపుదాం. ఇవి అడుగుదాం: జాబితా ఎవరు రాశారు? బండి ఏడ ఆగింది? ఎవరు పనికి పోయిన టైముకు పంచారు? బురద ఎత్తినవాళ్లకు కూలి, బూట్లు, గ్లౌజులు ఇచ్చారా? ఈ ప్రశ్నలకు జవాబు వాడ చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి రాయాలి.

ఆ ఆదివారం పిల్లలతో వెనక వాడకు పోయాం, సాయంత్రం ఆరున్నరకు, అందరూ ఇండ్లకు చేరాక. జాబితా అవ్వే చెప్పింది, మా పిల్లలు రాసుకున్నారు. 38 ఇండ్లు. మా దగ్గర మిగిలిన పైసలతో 22 కిట్లే అయ్యాయి. ఎవరికి ముందు ఇయ్యాలో కూడా అవ్వే చెప్పింది. ఇంకా 16 ఇండ్లు బాకీ ఉన్నాం.

మీకు పంపిన ఆ పాత రిపోర్టు వాపసు తీసుకుంటున్నాను. ఇదే నా రిపోర్టు.

జై భీమ్.