వెనుదిరిగే విజ్ఞత

ప్రబంధాలలోని ఋతువర్ణనలను పాఠంగా చెప్పేటప్పుడు నా విద్యార్థులను ఒక ప్రశ్న అడుగుతుంటాను. కవి మెచ్చిన మంచును పడవ నడిపేవాడు మెచ్చుకుంటాడా? ప్రకృతి ఒక్కటే, దానితో మనకు గల అవసరాలు వేరు. విమానం నడిపేవానికి మంచు అలంకారం కాదు, హెచ్చరిక.

కృష్ణా డెల్టా వాసులకు పొగమంచు పరిచితమే. శీతకాలంలో మబ్బులేని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. కాలువలు, వరిచేలు, చేపల చెరువులు గాలికి తేమను అందిస్తాయి. గాలి కదలిక మందగించినప్పుడు ఆ తేమ సన్నని బిందువులై నేలను కప్పుతుంది. చూపు ఆనే దూరం కిలోమీటరు కన్న తగ్గితే వాతావరణ శాస్త్రం దానిని పొగమంచు అంటుంది. పొద్దెక్కిన కొద్దీ అది తనంతట తానే విడిపోతుంది. అందుకు కావలసింది ఓపిక ఒక్కటే.

2002 మార్చి 3వ తేదీ ఉదయం నాటి లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి భీమవరం నుండి చిన్న హెలికాప్టరులో బయలుదేరారు. అది కైకలూరు సమీపంలో చేపల చెరువులో కూలిపోయింది. దళిత కుటుంబంలో జన్మించి ఆ పీఠాన్ని అధిష్ఠించిన తొలి నాయకుడు అర్ధాంతరంగా అస్తమించారు. నేలకు దగ్గరగా చూపు సరిగా ఆనకపోవడమే ఈ ప్రమాదానికి కారణమని చెప్పారు. ఆ వార్త విన్ననాడు డెల్టా అంతా మూగవోయింది.

విమానాశ్రయాలలో దృశ్యత, గాలి, మేఘాల ఎత్తు నమోదు చేసి ఎప్పటికప్పుడు తెలియజేస్తారు. అయితే గన్నవరంలో కొలిచిన దృశ్యత కొల్లేటి చెరువుల మీది మంచును చెప్పలేదు. ఆ ఖాళీని పూరించవలసినది పైలటు వివేకమే. కనులకు దిక్కు తోచనప్పుడు శరీరం కూడా మోసగిస్తుంది. దిగంతరేఖ కనబడకపోతే మెల్లగా ఒరిగిన విమానం సమంగానే ఉన్నట్లు తోస్తుంది. 1954లో అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో, పరికరాల ఆధారంగా ఎగరడంలో అనుభవం లేని 20 మంది పైలట్లను అటువంటి స్థితిలో పరీక్షించారు. అందరూ విమానంపై పట్టు కోల్పోయారు. అందుకు పట్టిన సమయం సగటున 178 సెకండ్లు, అంటే మూడు నిమిషాలైనా కాదు!

2009 సెప్టెంబరు 2న నాటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టరు నల్లమల అడవులలో కూలి, అందులోని ఐదుగురూ మరణించారు. యంత్రంలో వచ్చిన ఒక హెచ్చరిక సంగతి చూడటంలో పైలట్లు నిమగ్నమయ్యారనీ, భీకరమైన మేఘాల కిందికి దిగే గాలి హెలికాప్టరును నేలకు తోసిందనీ దర్యాప్తు తేల్చింది.

తిక్కన రచించిన ఉద్యోగపర్వంలో నిద్రపట్టని ధృతరాష్ట్రునికి విదురుడు రాత్రంతా హితం చెబుతాడు. రాజు అంతా విన్నాడు, అంతా నిజమేనన్నాడు. అయినా నిర్ణయం మారలేదు. పుత్రప్రేమ అడ్డు వచ్చింది. ఆకాశంలోనూ అంతే. సభకు వేళ అవుతోందన్న తొందర, గొప్పవారిని నిరీక్షింపజేయరాదన్న మొహమాటం, ఇంత దూరం వచ్చాం కదా అన్న పట్టుదల, ఇవి తెలిసిన సమాచారాన్ని కూడా తెలియనట్లు చేస్తాయి. కనుక పైలటు “ఈ వేళ వెళ్ళలేము” అన్నప్పుడు ఆ మాటను మన్నించవలసిన బాధ్యత ప్రయాణికులది కూడా.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు విమానాలు నడపవచ్చు. కొందరు ఆజ్ఞలిచ్చే స్థానాలలో ఉండవచ్చు. బయలుదేరే ముందే “ఇంతకు మించితే వెనుదిరుగుతాను” అని హద్దు గీసుకోండి. ఆపదలో చిక్కుకున్న మనస్సుకు ఆ హద్దు గీసే తీరిక ఉండదు. ఆలస్యంగా చేరినవానిని నలుగురు నిందిస్తారు. ఆ నింద భరించదగినదే. ఇంటివారి కన్నీరు భరించరానిది.