శరత్తులో భద్రాద్రి దారి... చర్మం చెప్పిన కబురు

వాన వెనక్కి తగ్గింది. చలి ఇంకా రాలేదు. దసరా సెలవుల్లో ఖమ్మం నుంచి భద్రాచలం బయల్దేరితే దారి పొడవునా పచ్చదనమే. ఒంటికి మాత్రం చురుకే!

తల్లాడ, జూలూరుపాడు దాటేసరికి బస్సు కిటికీలోంచి ఎండ సూటిగా మొహమ్మీద పడింది. మే నెలలో అయితే గొడుగు పట్టుకుంటాం. ఆశ్వయుజం ఎండేగా అని ఊరుకున్నాం. కొత్తగూడెం, పాల్వంచ మీదుగా గోదావరి వంతెన దాటేటప్పటికి మా అమ్మాయి బుగ్గలు కందిపోయాయి. మర్నాడు తెల్లవారాక చూస్తే ఇంకో చిత్రం. పెదాలు పగిలాయి. కాళ్లు గీరితే తెల్లటి చారలు! మధ్యాహ్నం మంట, తెల్లవారుజామున పొడి. శరత్తంటే ఇదే మరి.

పిత్తం పొంగే కాలం

చరక సంహిత సూత్రస్థానం ఆరో అధ్యాయం, వాగ్భటుడి అష్టాంగ హృదయం మూడో అధ్యాయం ఏ రుతువులో ఎలా ఉండాలో చెబుతాయి. వానల్లో ఒంట్లో పోగైన పిత్తం, మబ్బులు విడి ఎండ తగలగానే పొంగుతుందని వాటి మాట. చర్మంలో ఉండే పిత్తానికి ఆయుర్వేదం పెట్టిన పేరు భ్రాజకం. అందుకే ఈ కాలంలో ముందు లోపల చల్లబరచమంటారు. చేదు, తీపి, వగరు రుచులు పెంచాలి. కాకర, పొట్ల, పెసరపప్పు, కాస్త నెయ్యి మంచివి. పెరుగు, పులుపు, కారం, పగటి నిద్ర, నడినెత్తిన ఎండ తగ్గించాలి. మిర్చికి పేరుపడ్డ ఖమ్మంలో కారం తగ్గించమంటే ఎవరు వింటారంటారా? కార్తీకం వెళ్లేదాకానే లెండి!

కరకట్ట మీద అగస్త్యుడు

అక్టోబరు నడుమ తెల్లవారుజామున అయిదింటికి కరకట్ట మీద నిలబడి దక్షిణానికి చూడండి. ఆకాశం అంచుకు కాస్త పైన తెల్లగా మెరిసే చుక్క కనిపిస్తుంది. అదే అగస్త్య నక్షత్రం. రాత్రి ఆకాశంలో సిరియస్ తర్వాత అంత కాంతి దానిదే. పగలు ఎండకు కాగి, రాత్రి వెన్నెలకు చల్లబడి, అగస్త్యోదయంతో నిర్మలమైన శరత్కాలపు నీటిని పెద్దలు హంసోదకం అన్నారు. వానల మడ్డి దిగి నీళ్లు తేటబడే కాలమిది. అలాగని ఇవాళ నదిలో నీళ్లు దోసిలిపట్టి తాగేయకండి. కాచి చల్లార్చినవే మేలు.

ఇప్పుడే వద్దు బిడ్డా!

పర్ణశాల దారిలో ఎటపాక దగ్గర కొంతదూరం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లి మళ్లీ తెలంగాణలోకి వస్తాం. 2014లో మండలాలు అటు వెళ్లాక గీత మారింది. ఇప్పచెట్టుకు మాత్రం ఆ గీత తెలియదు. అటూ ఇటూ కోయగూడేల్లో వేసవి చివర రాలిన ఇప్పకాయల పలుకులు ఎండబెట్టి నూనె తీయడం పాత అలవాటు. ఆ నూనె వంటకీ దీపానికీ ఒంటికీ కూడా.

సంతలో ఓ పెద్దావిడ దగ్గర సీసా కనిపించింది. పొద్దున్నే చూస్తే వెన్నలా పేరుకుని ఉంది. కల్తీ ఏమోనన్నాను. నవ్వింది.

"కల్తీ గాదు బిడ్డా, సల్లబడితే అట్లనే గడ్డగడతది. పొద్దెక్కితే అదే కరుగుద్ది."

పిల్ల బుగ్గలకు రాద్దామని మూత తీయబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "ఎండకు కందిన కాడ ఇప్పుడే వద్దు. సలి ముదరనీ. అప్పుడు కాళ్లకు రాయి."

ఆశ్చర్యమేసింది. శరత్తులో నూనె తగ్గించమని, హేమంతం వచ్చాక అభ్యంగనం చేయమని చరకుడు చెప్పిందీ అదే కదా! ఒక రుతువు ఆఖరి వారం, తర్వాతి రుతువు మొదటి వారం అలవాట్లు మెల్లగా మార్చుకోవాలన్నాడు వాగ్భటుడు. మధ్యలో నరక చతుర్దశి తలంటు ఉండనే ఉంది.

ఇంట్లో ఇలా...

* కందిన చర్మానికి ముందు చల్లటి నీళ్లు, నీడ. మంట తగ్గేదాకా నలుగు వద్దు.
* మామూలు రోజుల్లో సబ్బు తగ్గించి, మెత్తటి పెసరపిండిని పాలతో కలిపి మృదువుగా రుద్దుకోండి.
* చలి మొదలయ్యాక స్నానం చేసి ఒళ్లు పూర్తిగా ఆరకముందే కొద్దిగా నూనె రాస్తే తేమ నిలుస్తుంది.
* నలుగులో బావంచాలు, మొహానికి నిమ్మరసం వాడి ఎండలోకి వెళ్లొద్దు. ఎండతో కలిస్తే బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు మిగలొచ్చు.
* ఏ కొత్త నూనెనైనా ముందు మోచేతి లోపలివైపు రాసి ఒకరోజు చూడండి.
* మధుమేహం ఉన్నవారి పాదాలు పగిలినా, దద్దుర్లు తగ్గకపోయినా చిట్కాలు ఆపి వైద్యుణ్ని కలవండి.

సీసా కొనుక్కుని తెచ్చాం. అలమరలో పెట్టాం. మా అమ్మాయి రోజూ పొద్దున్నే తీసి చూస్తోంది, గడ్డకట్టిందా లేదా అని. పూర్తిగా గట్టిపడిన రోజున మా ఇంట్లో హేమంతం మొదలైనట్టు!

ఎలా వెళ్లాలి: ఖమ్మం నుంచి భద్రాచలం దాదాపు 120 కిలోమీటర్లు. రైల్లో అయితే కొత్తగూడెంలోని భద్రాచలం రోడ్ స్టేషన్‌లో దిగి, బస్సులో మరో 40 కిలోమీటర్లు. అక్కణ్నుంచి పర్ణశాల సుమారు 35 కిలోమీటర్లు.