మర్రిచెట్ల బాటలో ఒక లెక్క

కర్నూలు దాటి తుంగభద్ర వంతెన ఎక్కేసరికి ఫజ్ర్ వెలుగు నీటి మీద పరచుకుంటున్నది. కారు వెనుక సీటులో మా మామూజాన్ తలగడకు ఆనుకొని కూర్చున్నారు. ఎనభై రెండేళ్ళ వయస్సు. ఉర్దూ మాధ్యమ పాఠశాలలో ప్రధానోపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. మా అబ్బాజాన్ గతించిన నాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ తరువాత నా అన్నం, నా పుస్తకాలు, మదరసాకు పంపిన తొలి రైలు టిక్కెట్టు అన్నీ ఆయన జీతంలోనివే. ఆ మనిషిని నేడు వృద్ధుల సంరక్షణాలయం చూపించడానికి తీసుకువెళుతున్నాము.

ఒక విషయం దాచకుండా చెప్పుకోవాలి. వృద్ధాశ్రమాలను నిరసిస్తూ జుమా ప్రసంగాలలో నేను చాలాసార్లు మాట్లాడాను. తల్లిదండ్రులను బయటికి పంపేవారి హృదయాలు రాళ్ళని కూడా అన్నాను. అప్పటికి తుంటి ఎముక విరిగిన మనిషిని రాత్రివేళ మూడుసార్లు మరుగుదొడ్డికి ఎత్తుకుపోవడమంటే ఏమిటో నాకు తెలియదు. ముమానీజాన్ చనిపోయి రెండేళ్ళయింది. పెద్ద కుమారుడు జిద్దాలో ఉన్నాడు. రెండవవాడు హైదరాబాదు టోలిచౌకిలో, లిఫ్టు లేని భవనంలో మూడవ అంతస్తులో అద్దెకున్నాడు. కూతురు ఆదోనిలో అత్తగారి పక్షవాతంతో సతమతమవుతున్నది. కర్నూలు ఇంట్లో మామూజాన్‌కు తోడు ఒక వంటమనిషి మాత్రమే. ఆమె చీకటి పడకముందే ఇంటికి వెళ్ళిపోతుంది.

బీచుపల్లి వద్ద కృష్ణ దాటాము. జడ్చర్ల, షాద్‌నగర్ గడిచి శంషాబాద్ దగ్గర బాహ్య వలయ రహదారి ఎక్కినప్పుడు హిమాయత్ సాగర్ కనిపించింది. మామూజాన్‌లోని ఉపాధ్యాయుడు మేల్కొన్నాడు. "1908 మూసీ వరదల తరువాత కట్టిన జలాశయాలివి బేటా. ఉస్మాన్ సాగర్ 1920లో, ఇది 1927లో పూర్తయ్యాయి. ఒకటి తండ్రి పేరిట, ఒకటి కొడుకు పేరిట" అన్నారు. ముందు సీట్లో కూర్చున్న రెండవ కుమారుడు కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

పోలీస్ అకాడమీ కూడలి దాటి చేవెళ్ళ బాట పట్టగానే రెండు ప్రక్కలా మర్రిచెట్లు మొదలవుతాయి. ఇది పాత బీజాపూర్ రహదారి. రోడ్డు వెడల్పు కోసం వీటిని తొలగించాలా, నిలుపుకోవాలా అన్న వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ ఊడల నీడలో కొంతదూరం సాగి, మొయినాబాద్ దాటాక ఒక మట్టిబాటలోకి తిరిగాము.

సంరక్షణాలయం శుభ్రంగా ఉన్నది. ఆవరణలో వేపచెట్లు, గోడల వెంట పట్టుకొని నడవడానికి కమ్మీలు, ప్రతి మంచం ప్రక్కన పిలుపు గంట. నమాజ్‌కు గది ఉన్నదా అని అడిగితే, ఎవరి గదిలో వారు చేసుకోవచ్చునన్నారు. మాంసం హలాల్‌దేనా అన్న ప్రశ్నకు నిర్వాహకుడు వంటవానిని పిలిచి మా ఎదుటే అడిగాడు. అది నాకు నచ్చింది.

తరువాత లెక్క మొదలైంది. ఫోనులో మాకు చెప్పినది నెలకు 48,000 రూపాయలు. మేమంతా ఆ ఒక్క అంకెనే పట్టుకొని వచ్చాము. బల్ల మీద పెట్టిన కాగితంలో మాత్రం అది మూడవ వరుసలో ఉన్నది. మొదటి వరుసలో వాపసు డిపాజిట్ 3,00,000. రెండవ వరుసలో ప్రవేశ రుసుము 40,000, ఇది తిరిగి రాదు. మూడవది ఒక నెల ముందస్తు. ప్రవేశ రుసుముపైనా నెల రుసుముపైనా 18 శాతం వస్తు సేవల పన్ను, అంటే మరో 15,840. చేర్చుకునే ముందు రక్తపరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే వగైరాలకు 6,500. పుండ్లు పడకుండా గాలి పరుపు, చక్రాల కుర్చీ మనమే తెచ్చుకోవాలి, వాటికి 14,000. కర్నూలు నుండి పడుకోబెట్టి తీసుకురావడానికి అంబులెన్సు 12,000. నేను వ్రేళ్ళ మీద కూడుతుంటే, రెండవవాడు ఫోనులో కూడి చూపించాడు: 4,36,340.

డైపర్లు, మందులు, రాత్రి ప్రత్యేక సహాయకుడు ఈ లెక్కలో లేవు. ధార్మిక సంస్థలుగా నమోదైన కొన్ని వృద్ధాశ్రమాలలో, అరవై ఏళ్ళు నిండినవారికి వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు 25,000 రూపాయలు మించకపోతే ఈ పన్ను మినహాయింపు ఉన్నది. వెదికేవారు ముందుగా దీనిని అడిగి తెలుసుకోవడం మంచిది. అయితే లేచి నడవలేని మనిషికి ఆ ధరలో చోటు మాకు దొరకలేదు.

ఒప్పంద పత్రాన్ని నేను మదరసాలో కితాబు చదివినట్లు అక్షరమక్షరం చదివాను. ఖాళీ చేసిన 90 రోజులకు డిపాజిట్ తిరిగి ఇస్తారు. ఒక నెల ముందు తెలపాలి. ఆరు నెలలలోపు వెళ్ళిపోతే నాలుగవ వంతు కోత. మన ఫిఖహ్ దృష్టిలో, వాడుకునే అనుమతితో ఇచ్చిన సొమ్ము అమానత్ కాదు, ఖర్జ్ అవుతుంది. తీసుకున్నవారు పూర్తిగా తీర్చవలసిందే. "ఆ నాలుగవ వంతు తీసుకునేటట్లయితే దానిని రుసుమని వ్రాయండి, డిపాజిట్‌లో దాచకండి" అన్నాను. నిర్వాహకుడు నవ్వి, పత్రం అందరికీ ఒకటేనన్నాడు.

ఇంతలో జిద్దా నుండి వీడియో కాల్ వచ్చింది. ఇల్లు తన పేర వ్రాస్తే ఖర్చంతా తానే భరిస్తానన్నాడు పెద్దవాడు. రెండవవాడు భార్య నగలు బ్యాంకులో కుదువపెడతానన్నాడు. వడ్డీ మాట తలచుకొని నేను తల అడ్డంగా ఊపాను. ఆదోని నుండి చెల్లెలు ఫోనులో ఏడుస్తూ రెండు గాజులిస్తానన్నది. బంధువులలో ఒకరైతే, ఈ ఏటి జకాత్ ఇటు మళ్ళించమని ముందే సలహా పంపారు. తల్లిదండ్రులకు జకాత్ చెల్లదు. వారి పోషణ మన మీద బాధ్యత, దానం కాదు.

నన్ను అడిగినందున ఉన్నదున్నట్లు చెప్పాను. తండ్రికి సొంత ధనముంటే ముందు ఆయన పోషణ దానినుండే. అది చాలకపోతే సంతానం మీద పడుతుంది. హిదాయా ప్రకారం ఆ భారం కొడుకుల మీదా కూతురి మీదా సమానం. వారసత్వంలో మాదిరిగా రెండు వంతులు, ఒక వంతు కాదు. ఇల్లు వ్రాయించుకునే మాట మాత్రం ఆపమన్నాను. సంరక్షణ షరతు మీద ఆస్తి బదిలీ చేసి, ఆ సంరక్షణ దక్కకపోతే, 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం 23వ సెక్షను క్రింద ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. అయినా ఎనభై రెండేళ్ళ మనిషి ట్రిబ్యునల్ మెట్లెక్కే పరిస్థితి ఎందుకు తెచ్చుకోవాలి?

మామూజాన్ అప్పటిదాకా మాట్లాడలేదు. దరఖాస్తులో "డిపాజిట్ తిరిగి పొందువారు" అన్న గడిలో రెండవవాడు తన పేరు వ్రాయబోతుంటే చేయి చాచి కలం తీసుకున్నారు.

"ఈ మూడు లక్షలు ఎవరివి?" అన్నారు.

ఎవరూ పలుకలేదు.

"నేను పోయిన మరునాడు మీరు ముగ్గురూ నా దఫన్ మట్టి ఆరకముందే దీనికోసం కూర్చుంటారు. ఇచ్చేవాడు నాకు హిబాగా ఇస్తే అది నా తర్కాలో కలుస్తుంది. అప్పుగా ఇస్తే ముందు వానికి తీరుతుంది. ఏదో ఒకటి ఇప్పుడే వ్రాయండి."

అప్పును వ్రాసుకొమ్మని బఖరా సూరాలో ఎంత వివరంగా ఆదేశించబడిందో ఏటేటా పిల్లలకు బోధిస్తున్న నాకు, ఆ గడి కంటికి ఆనలేదు. మామూజాన్ తన బ్యాంకులో రెండు లక్షల పై చిలుకు ఉన్నదని, పింఛను నెలనెలా వస్తున్నదని, దానిలోనుండే మొదట తీయమని చెప్పారు. మిగిలినది ముగ్గురు పిల్లలూ సమానంగా. వారిచ్చేది అప్పు కాదు, హిబా అని ఒక తెల్లకాగితం మీద తానే ఉర్దూలో వ్రాశారు. ముగ్గురి పేర్లూ వ్రాసి, సాక్షిగా నన్ను సంతకం చేయమన్నారు. జిద్దా నుండి పెద్దవాడు కాసేపు మౌనంగా ఉండి, సరేనన్నాడు.

నిర్వాహకుని వైపు తిరిగి ఆయన మరొక మాట అడిగారు: డిపాజిట్ కట్టకుండా పదిహేను రోజులు ఉండి చూడవచ్చునా? ఈ ప్రశ్న మాలో ఒక్కరికీ తట్టలేదు. రోజుకింత చొప్పున ఉండవచ్చునని, నచ్చి చేరితే ఆ సొమ్ము మొదటి నెలలో తగ్గిస్తామని సమాధానం వచ్చింది. పడమటి కిటికీ ఉన్న గది చూపించమన్నారు మామూజాన్. మంచం తల ఎటు ఉండాలో చేతికర్రతో చూపారు.

తిరుగు ప్రయాణంలో అస్ర్ వేళ అయింది. మర్రిచెట్ల క్రింద కారు ఆపమన్నారు. ఊడల మధ్య జానమాజ్ పరిచి, ఆయనను కుర్చీలో కూర్చోబెట్టాము. రెండవవాడు ఆయన కాళ్ళకు చెప్పులు తీసి, దుమ్ము దులిపి, ప్రక్కన పెట్టాడు. జేబులో ఆ తెల్లకాగితం భద్రంగా ఉన్నదో లేదో ఒకసారి తడిమి చూసుకొని మామూజాన్ నన్ను ఇఖామత్ చెప్పమన్నారు.