మొదటి పేజీలో ఆ బటన్

"అన్నా, డౌన్‌లోడ్ అయిపోతోంది!" అన్నాడు మా పక్కింటి కుర్రాడు, నేను కుర్చీ లాక్కుని కూర్చునేలోపే.
డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ సైటు తెరిచాడు, డౌన్‌లోడ్ బటన్ ఎదురుగా కనపడింది, నొక్కేశాడు.

2020 డిసెంబరులో కొత్త రూపు ఇవ్వకముందు ఆ సైటు మొదటి పేజీ నిండా లింకులే. డౌన్‌లోడ్ ఓ మూలన ఉండేది.
1993 నుంచి నడుస్తున్న ప్రాజెక్టు మరి. ఇలాంటి చోట ఏ లింకు తీసేద్దామన్నా "అది నాకు పనికొస్తోంది" అనేవాళ్లు ఒకరుంటారు. పైగా పేజీ మారిస్తే అన్ని భాషల అనువాదాలూ మళ్లీ సరిచూసుకోవాలి, అదీ చేసేది జీతం లేని వలంటీర్లే.

ఏ లింకు ఉంచాలన్న చర్చలో తన తరఫున మాట్లాడ్డానికి కొత్తగా రాబోయేవాడు ఉండడు కదా.
అయినా వాడి కోసం అంత చోటు ఖాళీ చేశారు. నాకు భలే నచ్చింది.

మీరు వాడే ఓపెన్ సోర్స్ సైట్లలో కొత్తవాళ్లు ఎక్కడ తికమకపడుతున్నారు? చెప్పండి.