పార్లమెంటు ముందు పదేళ్లు

లండన్‌లో పార్లమెంటు భవనానికి ఎదురుగా ఓ పచ్చిక మైదానం ఉంది. పార్లమెంట్ స్క్వేర్ అంటారు. 2001 జూన్ 2న బ్రయాన్ హా అనే వడ్రంగి అక్కడికొచ్చి కూర్చున్నాడు. ఇరాక్‌పై ఆంక్షల వల్ల పసిపిల్లలు చనిపోతున్నారన్నది ఆయన బాధ. తర్వాత అఫ్ఘానిస్థాన్ యుద్ధం, 2003లో ఇరాక్ యుద్ధం వచ్చిపడ్డాయి. ఆయన లేవలేదు. ఎండైనా మంచైనా గుడారమే ఇల్లు. అలా దాదాపు పదేళ్లు!

జపాన్‌కు చెందిన యుమికో హయకావా ఆయన మీద ఓ డాక్యుమెంటరీ తీశారు. పేరు 'బ్రయాన్ అండ్ కో'. లోకమంతా ఒంటరి పోరాటం అన్నదాన్ని ఆ పేరు మెల్లగా సరిదిద్దుతుంది. ఒక మనిషి ఏళ్ల తరబడి వీధిలో నిలబడాలంటే వేళకింత తిండి తెచ్చేవాళ్లు, పక్కన కూర్చునేవాళ్లు ఉండాలి కదా!

ఆయన కథ చెబుతుంటే మా అమ్మాయి ఒకటే అడిగింది. "ఇంతకీ యుద్ధం ఆగిందా నాన్నా?"

ఆగలేదు. నన్ను కలవరపెట్టిన సంగతి మరొకటుంది. ఆయనకు ఏడుగురు పిల్లలు. ఎక్కడో పిల్లల కోసం వీధిన కూర్చున్న తండ్రి, సొంతబిడ్డలకు దూరమయ్యాడు. ఇది త్యాగమా, అన్యాయమా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ప్రభుత్వం మాత్రం ఆయన్ని తేలిగ్గా తీసుకోలేదు. అనుమతి లేకుండా పార్లమెంటు పరిసరాల్లో నిరసన కూడదంటూ 2005లో చట్టం తెచ్చింది. ఆయన అంతకుముందే మొదలుపెట్టాడు కాబట్టి వర్తించదంది హైకోర్టు. వర్తిస్తుందని మరుసటి ఏడాది అప్పీలు కోర్టు తేల్చింది. 2006 మే 23న పోలీసులు వచ్చి బ్యానర్లు, ఫొటోలు చాలావరకు పట్టుకుపోయారు. మార్క్ వాలింగర్ అనే కళాకారుడు ఆ 600 వస్తువుల్నీ అచ్చం అలాగే తయారుచేయించి 2007లో టేట్ బ్రిటన్ గ్యాలరీలో పెట్టాడు. అదే ఏడాది టర్నర్ ప్రైజ్ అందుకున్నాడు. వీధిలో నేరమైంది గోడల మధ్య కళ అయింది!

2011 జూన్ 18న, 62 ఏళ్ల వయసులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బ్రయాన్ కన్నుమూశాడు. ఆయన యుద్ధాన్ని ఆపలేకపోయాడు. కానీ యుద్ధానికి ఓటేసిన పెద్దలు పార్లమెంటుకు వస్తూపోతూ ఆ పసిపిల్లల ఫొటోల్ని దాటాల్సి వచ్చింది. మాకు తెలియదు, మేం చూడలేదు అనే వీలు మాత్రం ఆయన వాళ్లకు మిగల్చలేదు.