నాశిక్ దారిలో ఒక వృద్ధాశ్రమం

ముంబయి నుండి నాశిక్ పోయేవారికి కసారా దాటగానే థళ్ ఘాటు మొదలవుతుంది. ముప్పైయేడు అడుగులు సాగితే ఒక అడుగు ఎత్తు ఎక్కే దారి అది. అందుచేత చాలా రైళ్లకు వెనుక వేరే ఇంజన్లు తగిలించి నెట్టిస్తారు. ఘాటు ఎక్కగానే ఇగత్‌పురి. ధమ్మగిరి విపశ్యనా కేంద్రం ఉన్నది ఈ ఊళ్లోనే. 1924లో మాండలేలో పుట్టిన సత్యనారాయణ గోయెంకాగారు, రంగూనులో ఊ బా ఖిన్ వద్ద నేర్చిన సాధనను 1969లో మన దేశానికి తెచ్చారు. ఈ కేంద్రంలో 1976 నుండి పది దినాల మౌన శిక్షణలు జరుగుతున్నవి.

బౌద్ధులు పాళీలో 'సతి' అనేదానిని మనం 'ఎరుక' అనవచ్చు. 1979లో అమెరికాలోని వూస్టర్ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీనినే మతంతో నిమిత్తం లేకుండా ఒక శిక్షణగా అమర్చాడు. ఇప్పుడది వృద్ధాశ్రమాల దాకా వచ్చింది.

నాశిక్ శివారున అటువంటి ఆశ్రమం ఒకటి చూచాను. మా మేనత్త అక్కడే ఉంటున్నది. షోలాపూరులో కండెలు చుట్టి పిల్లలను పెంచిన మనిషి. చీకటి పడితే చాలు, గుండె దడ, నిద్ర పట్టకపోవడం, "తలుపు వేసినారా?" అని పదిమార్లు అడగడం. ముందుగా వైద్యుడు గుండె, థైరాయిడ్, వాడే మందులు అన్నీ పరీక్షించాడు. ముసలితనపు బెంగ అని తేల్చేముందు ఇది తప్పక చేయించాలి.

పిమ్మట ఆమెను ఉదయపు తరగతిలో కూర్చోబెట్టారు. కింద కాదు, కుర్చీల మీదనే. పది నిమిషాలకు మించదు. నర్సమ్మ మరాఠీలో ఊపిరిని గమనించమన్నది. అత్త నా చేయి పట్టుకొని, "ఊపిరి సూడమంటే అది ఆగిపోతదేమో అనిపిస్తది బిడ్డా" అన్నది. ఆ మాట మరాఠీలో చెప్పగానే నర్సమ్మ నవ్వలేదు. కొందరికి, ముఖ్యంగా ఆయాసం ఉన్నవారికి, ఊపిరి మీద ధ్యాస పెడితే భయం పెరుగుతుందట. అప్పుడు పాదాల మీదనో, చేతుల మీదనో, వినబడే చప్పుడు మీదనో ధ్యాస నిలపమంటారు.

అత్త బొటనవేలితో చూపుడువేలిని మెల్లగా రాచుకొన్నది, నూలు తగిలిందా అన్నట్టు. మనసు ఇంటి మీదికి పోయినప్పుడల్లా తిరిగి వేళ్ల మీదికి తెచ్చుకోమన్నారు. పోవడం తప్పు కాదు, తెచ్చుకోవడమే సాధన.

ఇది బెంగను మాయం చేయదు. ఘాటులో వెనుక ఇంజను బరువును దించదు గదా, ఎక్కడానికి సాయపడుతుంది. వైద్యుడిచ్చిన మందు దీనికోసం మానరాదు. మతిమరుపు ముదిరినవారికి, కళ్లు మూసుకొంటే పాత గాయాలు కదిలేవారికి బలవంతం చేయరాదు. కొడుకు రాలేదన్న దిగులుకు కొడుకు రావడమే మందు.

మనవారికి ఒక్క మనవి. పరభాషా ప్రాంతపు ఆశ్రమాలలో ఒంటరి తెలుగువారు ఉండవచ్చు. మరాఠీ బజారులో బేరానికి వచ్చును గాని, భయం వేసినప్పుడు అత్త చెవికెక్కలేదు. "చేతుల మీద ధ్యాస పెట్టమ్మా, ఏమి తెలుస్తున్నది?" వంటి నాలుగు తెలుగు వాక్యాలను నాగరి లిపిలో రాసి నర్సమ్మకు ఇచ్చి వచ్చాను. తమిళం, కన్నడం, ఒడియా లిపులు తెలిసినవారు మీ ఊళ్లలో ఇంతపాటి పని చేయవచ్చు. అరగంట పట్టదు.